ఒకే ఏడాది పుట్టిన రెండు మహిళా ఫుట్‌బాల్ జట్లు: ఒకటి మూడో స్థానం, ఒకటి ఎనిమిదో స్థానం. తేడా ఎక్కడ వచ్చింది?

కావలి డ్రిల్లు మాస్టరు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. కావలికి దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా వైపు బడి ఆటలంటే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ తప్ప మరొకటి వినపడదు. అయినా రెండేళ్లుగా మా బడిలో 14 మంది ఆడపిల్లలు పట్టుబట్టి ఫుట్‌బాల్ ఆడుతున్నారు. గోల్ స్తంభాలుగా సరుగుడు కర్రలు పాతుకున్నాం. వెనుక కట్టిన వల, రొయ్యల గుంటల మీద కొంగలు వాలకుండా కట్టేది. చిరిగిపోయిందని పక్కన పడేస్తే ఒక రైతు నడిగి తెచ్చుకున్నాం. బంతి బలంగా తగిలిన ప్రతిసారీ దాని కన్ను ఒకటి తెగుతుంది. అప్పుడు ఆట ఆపి, గోల్‌కీపరే నైలాను దారంతో ముడి వేసి, మళ్లీ తన చోటికి వచ్చి నిలబడుతుంది.

వచ్చే ఏడాది ఈ పిల్లలను జట్టుగా జిల్లా ఎంపిక పోటీలకు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. కొత్త జట్టుకు మొదటి ఏడాది ఎలా గడుస్తుందో వాళ్లకు చూపించడానికి తగిన ఉదాహరణ కోసం వెతికి, అమెరికా మహిళా ప్రొఫెషనల్ లీగైన ఎన్‌డబ్ల్యూఎస్‌ఎల్ 2022 సీజన్ దగ్గర ఆగాను. ఆ ఏడాది ఒక్క కాలిఫోర్నియా నుంచే రెండు కొత్త జట్లు రంగంలోకి దిగాయి: లాస్ ఏంజెలెస్ నుంచి ఏంజెల్ సిటీ, శాన్ డియాగో నుంచి వేవ్. స్థాపకుల్లో నటి నటాలీ పోర్ట్‌మన్ ఒకరు కావడంతో ఏంజెల్ సిటీ పేరు మైదానంలోకి దిగకముందే పత్రికలకెక్కింది. 2022 ఏప్రిల్ 29న సొంత మైదానంలో ఆడిన మొదటి లీగు మ్యాచ్‌కు 22,000 టికెట్లూ అమ్ముడైపోయాయి. మూడో నిమిషంలోనే డిఫెండర్ (గోల్ పడకుండా వెనుక నిలిచి కాపాడే క్రీడాకారిణి) వనెస్సా గిల్లెస్ గోల్ కొట్టగా, నార్త్ కరోలినా కరేజ్ మీద 2-1తో గెలిచారు. అంత ఆర్భాటంగా మొదలుపెట్టిన జట్టు, 22 మ్యాచ్‌లు ముగిసేసరికి 29 పాయింట్లతో 12 జట్లలో ఎనిమిదో స్థానంలో ఆగిపోయి, అప్పట్లో మొదటి ఆరు జట్లకే దక్కిన ప్లేఆఫ్‌లకు (కప్పు ఎవరిదో తేల్చే చివరి మ్యాచ్‌లకు) దూరమైంది. దాదాపు 6,000 మంది పట్టే ఒక విశ్వవిద్యాలయ మైదానంలో ఆట మొదలుపెట్టిన వేవ్ మాత్రం 37 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచి, పుట్టిన ఏడాదే ప్లేఆఫ్‌లకు వెళ్లిన తొలి జట్టుగా ఆ లీగు చరిత్రకెక్కింది.

నాకు తెలియవలసింది ఇది. లీగు ఒకటే, రాష్ట్రం ఒకటే, ఏడాది ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు వచ్చింది? నా ప్రశ్న వెనుక స్వార్థం కూడా ఉంది. నా 14 మందిలో నిజంగా ఆట వంటబట్టిన వాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురినీ గోల్స్ కొట్టడానికి ముందు నిలపాలా, గోల్స్ పడకుండా వెనుక నిలపాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

ఒంగోలు పాత ఫుల్‌బ్యాక్ ఇచ్చిన జవాబు:

మాస్టరు గారూ, నేను ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైంది గానీ, కుర్రతనంలో పదేళ్లపాటు డిఫెన్స్‌లోనే ఆడినవాడిని గనుక నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది; దానిని మినహాయించుకుని చదవండి.

ముందుగా కారణాలు కానివాటిని పక్కన పెడదాం. కోచ్‌ల విషయంలో ఎవరూ ఆలస్యం చేయలేదు: మాంచెస్టర్ యునైటెడ్ మహిళా జట్టును నడిపిన కేసీ స్టోనీని వేవ్, గోథమ్ జట్టు నుంచి ఫ్రెయా కూంబ్‌ను ఏంజెల్ సిటీ 2021లోనే ఖరారు చేసుకున్నాయి. ఇక డబ్బు సంగతి. జీతాల కింద ఒక్కో జట్టు ఆ ఏడాది 11 లక్షల డాలర్ల వరకే ఖర్చు చేయాలని లీగు పరిమితి పెట్టింది. దానికి అవతల కొన్ని వెసులుబాట్లు లేకపోలేదు గానీ, స్థాపకుల్లో సినిమా తారలు ఉన్నంత మాత్రాన తారల జట్టును కొనుక్కోవడం అక్కడ కుదరదు.

తేడా అంతా, ఉన్న అవకాశాలను ఏ చోట్ల ముందుగా ఖర్చుపెట్టారన్న దాంట్లో ఉంది. వేవ్ జట్టును గోల్‌కీపర్ నుంచి ముందు వరుస దాకా ఒక నిలువు గీతగా చూడండి. గోల్ దగ్గర కెనడా క్రీడాకారిణి కెయిలెన్ షెరిడన్. ఆమె ముందు అమెరికా జాతీయ జట్టు అనుభవమున్న యాబీ డాల్‌కెంపర్, ఆ ఏడాది కళాశాల క్రీడాకారిణుల ఎంపికలో మొట్టమొదటి పేరుగా తీసుకున్న నయోమీ గిర్మా. చిట్టచివర ఓర్లాండో నుంచి తెచ్చుకున్న అలెక్స్ మోర్గన్. సీజన్ ముగిశాక లీగు ఇచ్చిన బహుమతులను చూస్తే సంగతి బోధపడుతుంది. ఉత్తమ గోల్‌కీపర్ షెరిడన్, ఉత్తమ డిఫెండర్‌తో పాటు ఉత్తమ కొత్త క్రీడాకారిణి కూడా గిర్మాయే, ఉత్తమ కోచ్ స్టోనీ. మోర్గన్ 15 గోల్స్‌తో లీగులో అందరికంటే ముందు నిలిచారు. మే 7న గోథమ్ మీద 4-0తో గెలిచిన మ్యాచ్‌లో నాలుగూ ఆమెవే. అయితే పత్రికలు ఆ నాలుగు గోల్స్‌ను చూశాయి, నేను ఆ సున్నాను చూస్తాను.

మీ ముగ్గురిలో ఒకరు గోల్‌కీపర్, ఒకరు సెంటర్‌బ్యాక్ (గోల్ ముందు నడుమ నిలిచే డిఫెండర్), ఒకరు ముందు. ముగ్గురినీ ముందు నిలిపితే కంచె వేయని చేనులో విత్తనం చల్లినట్లే. మీరు రెండు కొడతారు, మీకు ఐదు పడతాయి.

నెల్లూరు అమ్మాయి, ప్రస్తుతం శాన్ డియాగో, ఇచ్చిన జవాబు:

మాస్టరు గారికి, ఒంగోలు పెద్దాయన గారికి నమస్కారం. మాది నెల్లూరు, ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వెనుక వీధిలోనే పెరిగాను గానీ ఫుట్‌బాల్ మ్యాచ్‌ను నేరుగా చూసింది మాత్రం ఇక్కడికి వచ్చాకే. పెద్దాయన గారు చెప్పింది చాలావరకు నిజమే, కానీ ఆయన లెక్క జరిగిపోయిన దానిని చూసి వెనుక నుంచి వేసిన లెక్క అని నాకు అనిపిస్తున్నది. ఈ రెండు జట్లూ తమ మొట్టమొదటి మ్యాచ్‌ను 2022 మార్చి 19న, ఆ ఏడాది లీగుకు ముందు జరిగిన ఛాలెంజ్ కప్‌లో ఒకదానితో ఒకటే ఆడాయి, అది 1-1తో ముగిసింది. ఆ సాయంత్రం చూసినవారెవరూ వీటి మధ్య ఐదు స్థానాల తేడా వస్తుందని చెప్పి ఉండరు. పట్టికలో కూడా ఆరో స్థానంలో ఉన్న షికాగోకు 33 పాయింట్లు, ఏంజెల్ సిటీకి 29. అంటే నాలుగు పాయింట్లు. ఒక గెలుపు, ఒక డ్రా.

సెప్టెంబరు 17న వేవ్ తన కొత్త మైదానమైన స్నాప్‌డ్రాగన్‌లో ఆడిన మొదటి మ్యాచ్‌కు నేను వెళ్లాను. ఎదుటి జట్టు ఏంజెల్ సిటీయే. 32,000 మంది వచ్చారు, ఆ నాటికి ఈ లీగులో ఒక మ్యాచ్‌కు అంతమంది రావడం అదే మొదటిసారి. వేవ్ 1-0తో గెలిచింది. నేను ఆ గోల్ కంటే గిర్మాను ఎక్కువగా గమనించాను. బంతి తన దగ్గరికి రాకముందే ఆమె మెడ తిప్పి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి చూసుకుంటుంది. బంతి పాదానికి తగిలేసరికి అది ఎవరికి వెళ్లాలో నిర్ణయం అయిపోయి ఉంటుంది, అందువల్ల ఆమె పరుగెత్తవలసిన అవసరమే చాలాసార్లు రాదు. మాస్టరు గారూ, మీ పిల్లలకు వీడియో చూపించేటప్పుడు బంతిని కాకుండా పది నిమిషాలపాటు ఆమె మెడను మాత్రమే చూడమనండి.

ఇంకొక మాట. ఏంజెల్ సిటీ ఎనిమిదో స్థానాన్ని ఓటమిగా కొట్టిపారేయకూడదు. మ్యాచ్‌కు సగటున 19,000 మంది వరకు రావడం, స్పాన్సర్ల సొమ్ములో 10 శాతాన్ని స్థానిక సేవా కార్యక్రమాలకు కేటాయించడం ఆ జట్టు మొదటి ఏడాదిలోనే చేసి చూపించిన పనులు. మహిళల ఆటకు జనం రారు అని చెప్పేవాళ్ల నోరు మూయించింది పట్టికలో మూడో స్థానం కాదు, ఆ టికెట్ల లెక్క. వేవ్ మాత్రం ఏం కప్పు తెచ్చింది? సెమీఫైనల్‌లో పోర్ట్‌లాండ్ మీద ముందు గోల్ కొట్టి కూడా, 90 నిమిషాలు ముగిశాక, ఆట ఆగిన సమయానికి బదులుగా కలిపే నిమిషాలు నడుస్తుండగా క్రిస్టల్ డన్ కొట్టిన గోల్‌తో 2-1 తేడాతో ఓడి ఇంటికి వచ్చింది. డన్ అదే ఏడాది మే నెలలో బిడ్డను కన్న తల్లి అని మా అమ్మకు ఫోనులో చెబితే, ఆమె స్కోరు అడగడం మానేసి బాలింతను అంత తొందరగా పరుగెత్తించిన వాళ్లెవరని అడిగింది.

కందుకూరు ఫిజియో ఇచ్చిన జవాబు:

ఇంతవరకు ఎవరూ మోకాళ్ల మాట ఎత్తలేదు. నా వృత్తి అదే గనుక నేను ఎత్తుతాను.

ఏంజెల్ సిటీ మొదట సంతకం చేయించిన క్రీడాకారిణి క్రిస్టెన్ ప్రెస్. జూన్‌లో ఒక మ్యాచ్‌లో ఆమె మోకాలి ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటు తెగి, ఆ సీజన్ అక్కడితో ముగిసింది. అంతకుముందే, సీజన్ మొదలు కాకుండానే, డిఫెన్స్‌కు వెన్నెముక అవుతుందని షికాగో నుంచి తెచ్చుకున్న సారా గోర్డెన్‌కు కూడా అదే లిగమెంటు తెగింది. కాబట్టి ఒంగోలు పెద్దాయన గారు అన్నట్లు ఆ జట్టు కంచె వేయడం మరచిపోలేదు. వేసిన కంచె పంటకు ముందే పడిపోయింది. నాలుగు పాయింట్ల తేడాకు ఈ రెండు మోకాళ్లు చాలవా అన్నది నా అనుమానం.

మీ పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు, మాస్టరు గారూ. ఒకే ఆట ఆడే మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఈ లిగమెంటు తెగే ప్రమాదం రెండింతలు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుందని క్రీడా వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఎవరూ గుద్దకుండానే, దూకి నేల మీద దిగేటప్పుడో, పరుగులో హఠాత్తుగా మలుపు తిరిగేటప్పుడో మోకాలు లోపలికి వంగి ఇది తెగిపోతుంది. కంకర తేలిన బడి మైదానంలో, అక్క బూట్లు చెల్లెలు వేసుకుని ఆడేచోట ఆ మలుపు మరింత ప్రమాదం. ఫిఫా వైద్యులు తయారుచేసిన ‘ఫిఫా 11+’ అనే సన్నాహక వ్యాయామ క్రమంలో 15 వ్యాయామాలు ఉంటాయి, మొత్తం 20 నిమిషాలు పడుతుంది, బంతి, గుర్తులుగా పెట్టే కోన్లు తప్ప మరో పరికరం అవసరం లేదు. వారానికి కనీసం రెండుసార్లు చేయించండి. దూకి దిగినప్పుడు మోకాలు పాదం వేళ్లకు సూటిగా ఉన్నదా, లోపలికి వాలుతున్నదా అన్నది మీరే ఎదురుగా నిలబడి చూడాలి. ముగ్గురిని ఎక్కడ నిలపాలన్న ప్రశ్న కంటే, ఆ ముగ్గురూ ఎంపిక పోటీల వరకు నిలబడి ఉంటారా అన్నది ముందు ప్రశ్న.

ఆత్మకూరు పాఠకుడు ఇచ్చిన జవాబు:

అమెరికా జట్ల సంగతి మంచిదే. మన దేశపు మహిళా లీగు మొదటి సీజన్ ఎలా జరిగిందో కూడా పిల్లలకు చెప్పండి. 2017 జనవరి చివర్లో మొదలైన ఇండియన్ విమెన్స్ లీగు ఫైనల్ రౌండు ఫిబ్రవరి 14కు ముగిసిపోయింది. ఆరు జట్లను ఢిల్లీలో ఒకే చోట ఆడించారు, మణిపూర్ జట్టు ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ ఫైనల్‌లో 3-0తో గెలిచింది. సీజన్ అంటే మూడు వారాలైనా కాదన్నమాట. సొంత ఊరి జనం ముందు ఆడే మ్యాచ్ అన్నదే లేదు. సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివారి మైదానంలో ఒకసారి ఆడే పద్ధతి 2023-24లో గానీ రాలేదు. అటువంటి లీగులోనే ఆడి నిజామాబాద్ జిల్లా తండాకు చెందిన సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టు దాకా వెళ్లింది. మీ పిల్లలకు గిర్మా వీడియో తరువాత ఈమె వీడియో పెట్టండి, తెలుగులో మాట్లాడుతుంది, పేర్లు పలకడంలో ఇబ్బంది కూడా ఉండదు.

కావలి డ్రిల్లు మాస్టరు మళ్లీ రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, పరీక్షల విధులు పడ్డాయి.

కందుకూరు ఫిజియో గారు చెప్పిన వ్యాయామాలు మొదలుపెట్టాం. 14 మందిలో ఐదుగురికి దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతున్నది. రెండేళ్లుగా నా కళ్ల ముందే ఆడుతున్నా నేను ఒక్కసారీ గమనించలేదు. గిర్మా మెడను చూడమని చెప్పిన రోజు పిల్లలు ఐదు నిమిషాలు నవ్వుకున్నారు గానీ, ఆ మరునాడు ఇద్దరు బంతి రాకముందే మెడ తిప్పడం కనిపించింది. అందులో ఒకరు మరీ ఎక్కువగా తిప్పి బంతిని వదిలేసింది, అది వేరే సంగతి.

ముగ్గురి విషయంలో ఒంగోలు పెద్దాయన గారి మాటకే కట్టుబడ్డాను. అందరికంటే బాగా ఆడే అమ్మాయిని సెంటర్‌బ్యాక్‌గా వెనుకకు పంపాను. తొమ్మిదో తరగతి చదువుతున్నది, ఇంతవరకు మా గోల్స్‌లో సగానికి పైగా ఆమెవే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, వెనుకే ఆడతాను గానీ మనకు కార్నర్ దొరికినప్పుడు మాత్రం ముందుకు వస్తానని షరతు పెట్టింది. ఎందుకని అడిగితే, ‘ఏంజెల్ సిటీకి లీగులో మొదటి గోల్ కొట్టింది డిఫెండరే కదా సార్, మూడో నిమిషంలో, మీరే చెప్పారు’ అన్నది. ఒప్పుకున్నాను.