నాన్నగారికి నిద్ర లేదు, తిండి తగ్గింది, సత్తువ పోతోంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళ సంగతేంటి?

తెనాలి_చినబాబు:
నాన్నగారికి 74. ఏడాదిలో 62 కిలోల నుంచి 57కి దిగారు. షుగర్ లేదు, థైరాయిడ్ బాగానే ఉంది, మిగతా పరీక్షల్లోనూ ఏమీ తేలలేదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక తెల్లారేదాకా దొర్లడమే. పొద్దున టిఫిన్ కాగానే పడక్కుర్చీలో కునుకు, మధ్యాహ్నం ఆకలి ఉండదు, రాత్రికి రెండిడ్లీలు. చుట్టాలేమో "ఒళ్ళు తేలికైంది, మంచిదేలే" అంటున్నారు. డాక్టరు గారు మాత్రం ఫ్రెయిల్టీ (పెద్దవయసులో ఒంట్లో సత్తువ సన్నగిల్లడం) మొదలైందన్నారు. ముందు నిద్ర సంగతి చూడాలా, తిండి సంగతా?

ఫిజియో_ఓరుగల్లు:
రెండూ కలిపే చూడాలండి. కోరకుండా బరువు తగ్గడం, ఊరికే అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం: ఈ అయిదింటిలో మూడుంటే ఫ్రెయిల్టీ అని 2001లో లిండా ఫ్రీడ్ బృందం పెట్టిన కొలత. ఇంట్లోనే ఒకటి చూడొచ్చు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి, పక్కనే మీరుండండి. 12 సెకన్లు దాటితే కాళ్ళలో బలం తగ్గిందని అనుమానించాలి.
కండను మరమ్మతు చేసే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా గాఢనిద్రలోనే విడుదలవుతుంది. వయసుతో ఆ నిద్రే ముందు తగ్గుతుంది. అలాగని తొమ్మిది పది గంటలు మంచం మీదే ఉండటమూ మంచి సూచన కాదు. గురక గట్టిగా ఉంటే స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) పరీక్ష చేయించండి.

కరీంనగర్_కోడలు:
మా అత్తమ్మదీ ఇదే కథ. సోమారం, శనారం ఒక్కపొద్దు. మిగిలిన రోజుల్ల చారన్నం, పచ్చిపులుసన్నం. పప్పు చేస్తే "గ్యాస్ అయితది" అంటది. రాత్రి సీరియళ్ళన్నీ అయినంక తొమ్మిదిన్నరకు తిని పండుకుంటే ఛాతిల మంట, ఇగ నిద్ర ఏడికెళ్ళి వస్తది? ఇప్పుడు ఏడింటికే పెడుతున్న. ఒక్కపొద్దు మాన్పియ్యలేకపోయిన గానీ, ఆ రోజు పెసరట్టు, పెరుగు, పల్లీలు తింటది. మంట తగ్గింది, మనిషి కొంచెం తేరుకున్నది.

డాలస్_మూర్తి:
నిద్రమాత్రల గురించి ఎవరూ అనలేదేం? మా అమ్మ మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఆల్ప్రజోలామ్ ఏళ్ళ తరబడి వాడింది. ఇక్కడికొచ్చాక రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడింది, మణికట్టు విరిగింది. పెద్దవాళ్ళకి వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితాలో (బీర్స్ జాబితా) అది ఉందని జెరియాట్రిక్ (వృద్ధుల వైద్యం చేసే) డాక్టరు చూపించారు. ఇక్కడ చీటీ లేకుండా దొరికే డైఫెన్‌హైడ్రమైన్ నిద్రబిళ్ళ కూడా అందులోదే. ఏళ్ళుగా వాడేది ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టరే మెల్లగా తగ్గించారు. సాయంత్రం వేసుకునే బీపీ నీళ్ళ మాత్రను (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) పొద్దుటికి మార్చారు, రాత్రి లేవడం సగం తగ్గింది.

తెనాలి_చినబాబు:
నాన్నగారు మాత్రలేవీ వేసుకోరు. ప్రోటీన్ పౌడర్ పెడదామా?

ఫిజియో_ఓరుగల్లు:
ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి, కిడ్నీ బాగుంటేనే ప్రోటీన్ పెంచే మాట. ఐసీఎంఆర్-ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2020 లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. పెద్దవయసులో 1 నుంచి 1.2 దాకా కావాలని జెరియాట్రిక్ పోషకాహార నిపుణుల మాట. అంటే మీ నాన్నగారికి 57 నుంచి 68 గ్రాములు. రెండిడ్లీల్లో నాలుగైదు గ్రాములకు మించదు. గుడ్డుకు ఆరు, గ్లాసు పాలకు ఆరు. మూడు పూటలా పంచి పెట్టండి, పౌడర్ అవసరం రాకపోవచ్చు. పగటి కునుకు అరగంట, అదీ మూడింటిలోపే. సాయంత్రం కాస్త నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఉత్త తిండితో కండ రాదు.

రిటైర్డ్_మాస్టారు:
నాకు 71. సాయంత్రం కాఫీ మానేశాక నిద్ర కుదిరింది, అదొక్కటే నా వైద్యం. రాత్రి పాలు తాగితే నిద్ర ముంచుకొస్తుందంటారు గానీ నాకైతే బాత్రూమ్‌కి లేవడమే మిగిలింది. బాబూ, గుడ్డు ముట్టని వాళ్ళకి ఉలవచారు పనికొస్తుందా?

ఫిజియో_ఓరుగల్లు:
రుచికి తాగండి మాస్టారూ. ప్రోటీన్ చాలామటుకు ఉడికిన ఉలవల్లోనే ఉండిపోతుంది, వాటినేమో మనవాళ్ళు గేదెలకు పెట్టేస్తారు. మెత్తగా ఉడికించి గుగ్గిళ్ళు చేయించుకోండి.