పాత, కొత్త రిసీవర్లన్నిటికీ ఒకే రేడియో: 12 వేల రూపాయల లోపు ఏది సరైనది?

ప్రశ్న: బాల్సారెక్కలు (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా నేను వాడుతున్న ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 రేడియోలో (మోడల్ విమానాలను నడిపే రిమోట్‌లో) ఎడమ గింబల్ (స్టిక్‌ను పట్టి ఉంచే కదిలే భాగం) అరిగిపోయింది. స్టిక్‌ను ముట్టుకోకపోయినా థ్రాటిల్ (మోటారు వేగం) విలువ స్థిరంగా నిలవడం లేదు. గింబల్ మార్పించడానికి ఖర్చు పెట్టే బదులు ఈ సందర్భంలోనే మల్టీ ప్రోటోకాల్ రేడియోకు, అంటే వేర్వేరు కంపెనీల సంకేత పద్ధతులను పలికే రేడియోకు మారితే బాగుంటుందని అనుకుంటున్నాను, ఎందుకంటే నా విమానాల్లో రేడియో సంకేతాన్ని అందుకునే రిసీవర్లు ఒక్క కంపెనీవి కావు.

ఫోమ్‌బోర్డుతో చేసుకున్న రెండు ట్రైనర్ విమానాల్లో ఫ్లైస్కై ఐఏ6బీ రిసీవర్లు ఉన్నాయి. అమెరికాలో ఉంటున్న మా బాబాయి సెలవులకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చిన హైవింగ్ విమానంలో స్పెక్ట్రమ్ ఏఆర్610 ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న గ్లైడర్‌లో ఎఫ్ఆర్‌స్కై డీ4ఆర్-2 ఉంది. ఇవి కాక పిల్లలు ఎగరేసే సైమా ఎక్స్5సీ డ్రోన్ ఒకటి ఉంది, దాని రిమోట్ పోయింది. వీటన్నిటినీ ఒకే రేడియోతో నడపడం సాధ్యమేనా?

రేడియోమాస్టర్ పాకెట్ చౌకగా కనిపిస్తోంది. దాని సీసీ2500 రకం గురించి అమ్మకపు పేజీలో ‘మల్టీ ప్రోటోకాల్’ అనే రాశారు. ఇంకొందరు జంపర్ టీ-లైట్ తీసుకోమంటున్నారు, మరికొందరు పాత రిసీవర్లన్నీ పక్కన పెట్టి ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అనే మరో సంకేత పద్ధతికి మారిపొమ్మంటున్నారు. రేడియోకు 12 వేల రూపాయలకు మించి పెట్టలేను. కంటికి కనిపించే దూరంలోనే ఎగరేస్తాను, కెమెరా విమానాల ఆలోచన ప్రస్తుతానికి లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

జవాబు 1: గాలివాటం (విజయవాడ)

బాల్సారెక్కలు గారూ, మీరు రిసీవర్ల పేర్లతో సహా రాయడం వల్ల సరైన జవాబు ఇవ్వడం వీలవుతోంది. రేడియో ఎన్ని ప్రోటోకాల్స్‌ను పలుకుతుందనే సంఖ్యను చూసి కొనేవారే ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు. చూడవలసింది లోపల ఏ రేడియో చిప్ ఉందన్నది. ఒక్కో కంపెనీ తన రిసీవర్లను ఒక్కో చిప్ చుట్టూ తయారు చేసుకుంది. ఆ చిప్ లేకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఎంత మార్పు చేసినా ఆ రిసీవర్ బైండ్ కాదు, అంటే రేడియోతో జత కలవదు.

‘ఫోర్-ఇన్-వన్’ అని పిలిచే మాడ్యూల్‌లో (రేడియోలో సంకేతం పంపే భాగంలో) నాలుగు చిప్‌లు ఉంటాయి. సీసీ2500 అనేది ఎఫ్ఆర్‌స్కై డీ8, డీ16 రిసీవర్లకు, ఫుటాబా ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్‌కు, ఇంకా కొరోనా, హైటెక్ వంటి వాటికి పనికివస్తుంది. ఏ7105 అనేది ఫ్లైస్కైకి, హబ్సాన్ బొమ్మ డ్రోన్లకు. సీవైఆర్ఎఫ్6936 లేకపోతే స్పెక్ట్రమ్ వారి డీఎస్ఎం2, డీఎస్ఎంఎక్స్ గానీ వాల్కెరా డెవో గానీ పలకవు. నాలుగవదైన ఎన్ఆర్ఎఫ్24ఎల్01 ఎక్కువగా సైమా వంటి బొమ్మ డ్రోన్ల కోసం. మీ జాబితాను దీని పక్కన పెట్టి చూడండి: ఐఏ6బీకి ఏ7105, ఏఆర్610కు సీవైఆర్ఎఫ్6936, డీ4ఆర్-2కు సీసీ2500, ఎక్స్5సీకి ఎన్ఆర్ఎఫ్24ఎల్01. మీకు నాలుగు చిప్‌లూ కావాలి.

కనుక పాకెట్ సీసీ2500 రకం మీకు పనికిరాదు. దానిని మల్టీ ప్రోటోకాల్ అనడం అబద్ధం కాదు, ఆ ఒక్క చిప్‌తో పలికే ప్రోటోకాల్స్ చాలానే ఉన్నాయి, కానీ మీ విమానాల్లో గ్లైడర్ ఒక్కటే దానితో ఎగురుతుంది. అమ్మకపు పేజీలో ‘ఫోర్-ఇన్-వన్’ అనే మాట స్పష్టంగా ఉన్నదే మీరు చూడాలి. జంపర్ టీ-లైట్, టీ-ప్రో, రేడియోమాస్టర్ జోరో, బాక్సర్, టీఎక్స్16ఎస్ ఈ రకంలో దొరుకుతాయి. ఒకే పేరుతో రెండు మూడు రకాలు అమ్ముతారు కాబట్టి డబ్బు కట్టే ముందు దుకాణదారుతో ఆ మాట రాతపూర్వకంగా చెప్పించుకోవడం మంచిది.

ఫోర్-ఇన్-వన్‌కు కూడా హద్దులు ఉన్నాయి. ఫుటాబా ఫాస్ట్ రిసీవర్లు, ఫ్లైస్కై కొత్త ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 3 రిసీవర్లు దీనితో పనిచేయవు. సెకండ్ హ్యాండ్‌లో ఎఫ్ఆర్‌స్కై డీ16 రిసీవర్ కొనేటప్పుడు దానిలో ఉన్నది పాత ఫర్మ్‌వేరా (లోపలి సాఫ్ట్‌వేర్), 2వ వెర్షన్ ఫర్మ్‌వేరా అని అడగాలి, ఎందుకంటే రేడియోలో ఆ రెండింటికీ వేర్వేరు ఎంపికలు ఉంటాయి. మీ డీ4ఆర్-2 పాత డీ8 రకం కాబట్టి దానికి ఈ చిక్కు లేదు.

అయితే ఆ డీ4ఆర్-2 విషయంలో తప్పనిసరిగా చేయవలసిన పని ఒకటుంది. సీసీ2500 చిప్‌తో నడిచే ప్రోటోకాల్స్‌కు ఫ్రీక్వెన్సీ ఫైన్ ట్యూనింగ్ అవసరం. రేడియోలోని స్ఫటికానికీ రిసీవర్‌లోని స్ఫటికానికీ మధ్య ఉండే చిన్న తేడా వల్ల, టేబుల్ మీద చక్కగా బైండ్ అయిన రిసీవర్ కూడా గాలిలో దూరం వెళ్ళాక సిగ్నల్ కోల్పోవచ్చు. మోడల్ సెట్టింగ్‌లో ట్యూనింగ్ విలువను మెల్లగా పెంచుతూ లింక్ ఎక్కడ తెగుతుందో రాసుకోండి, తరువాత తగ్గిస్తూ ఎక్కడ తెగుతుందో రాసుకోండి, ఆ రెండింటికీ సరిగ్గా మధ్య విలువను పెట్టి మళ్ళీ బైండ్ చేయండి. కొద్ది నిమిషాల పని అయినా దీనిని వదిలేసి, రేడియోకు రేంజ్ లేదని చెప్పేవారిని మైదానంలో తరచుగా చూస్తున్నాను.

చానెళ్ల వరుస, అంటే విమానంలోని ఒక్కో భాగానికి వెళ్ళే సంకేతాల వరుస గురించి కూడా ఒక మాట. ఫోర్-ఇన్-వన్ మాడ్యూల్ మీ నుంచి ఏలిరాన్ (విమానాన్ని పక్కకు వాల్చేది), ఎలివేటర్ (ముక్కును పైకి, కిందికి తిప్పేది), థ్రాటిల్, రడ్డర్ (ముక్కును ఎడమకు, కుడికి తిప్పేది) అనే వరుసను ఆశిస్తుంది. స్పెక్ట్రమ్‌లో థ్రాటిల్ మొదట వస్తుంది కానీ ఆ మార్పును మాడ్యూలే చేసుకుంటుంది, కనుక ఏఆర్610లో సర్వోల (ఆ భాగాలను కదిలించే చిన్న మోటార్ల) వైర్లను మార్చవలసిన అవసరం లేదు. ప్రతి మోడల్‌కూ వేరు రిసీవర్ నంబర్ ఇవ్వడం మాత్రం మరచిపోకండి. ఒకే నంబరుతో రెండు విమానాలను బైండ్ చేస్తే, స్క్రీన్ మీద వేరే మోడల్ ఉండగానే మీ విమానం స్పందించి, ఏలిరాన్ తలకిందుల దిశలో కదులుతూ పైకి లేచే ప్రమాదం ఉంది.

జవాబు 2: సన్నరెక్క (హైదరాబాద్)

గాలివాటం గారు చిప్‌ల గురించి రాసినదంతా సరైనదే. అయినా ఈరోజు కొత్త రేడియో కొనేవారికి నేను ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ రకమే తీసుకోమని చెబుతాను, పాత రిసీవర్ల కోసం రేడియో వెనుక బే లో (బయటి మాడ్యూల్ పెట్టే గూటిలో) ఫోర్-ఇన్-వన్ మాడ్యూల్‌ను తరువాత పెట్టుకోవచ్చు. ఈ రేడియోలను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఎడ్జ్‌టీఎక్స్‌లో ఒక్కో మోడల్‌కు లోపలి మాడ్యూల్ వాడాలా, బయటి మాడ్యూల్ వాడాలా అన్నది విడివిడిగా ఎంచుకునే వీలుంది. పాకెట్‌లోనూ ఈ బే ఉంది కానీ అది చిన్న సైజుది, బాక్సర్, టీఎక్స్12, టీఎక్స్16ఎస్ రేడియోలలో ఉన్నది జేఆర్ సైజు పెద్ద బే. మాడ్యూల్ కొనేటప్పుడు ఈ రెండు సైజుల తేడాను గమనించాలి.

నా వాదనకు కారణం రిసీవర్లే. ఈ హాబీలో రేడియో ఒక్కసారే కొంటాం, రిసీవర్ ప్రతి కొత్త విమానానికీ కావాలి. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ ఓపెన్ సోర్స్ కాబట్టి చాలా కంపెనీలు దానికి రిసీవర్లు తయారు చేస్తున్నాయి, ఆ పోటీ వల్ల ధరలు అందుబాటులో ఉంటున్నాయి. బలహీనమైన సిగ్నల్‌ను కూడా చదవగలిగే లోరా అనే పద్ధతి వల్ల లింక్ గట్టిగా ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 50 హెర్ట్జ్ వేగం (సెకనుకు 50 సార్లు సంకేతం) పెట్టుకుంటే రిసీవర్ మైనస్ 115 డీబీఎం వరకు బలహీనమైన సిగ్నల్‌ను కూడా అందుకోగలదు. మామూలు విమానానికి 500 హెర్ట్జ్ వేగంతో పనిలేదు.

అయితే విమానాల వారు ముందుగా తెలుసుకోవలసిన విషయాలు ఉన్నాయి, అమ్మేవారు వీటిని చెప్పరు. చిన్న రిసీవర్లలో చాలావాటికి సర్వో పిన్నులు ఉండవు, అవి ఫ్లైట్ కంట్రోలర్‌కు (డ్రోన్లలో ఉండే నియంత్రణ బోర్డుకు) సీరియల్ సంకేతం మాత్రమే ఇస్తాయి. మీరు సర్వోలను నేరుగా తగిలించే పీడబ్ల్యూఎం అవుట్‌పుట్లు ఉన్న రకాన్నే అడగాలి. రెండవది ఐదవ చానెల్. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ దానిని ఆర్మ్ స్విచ్ (మోటారును తిరగడానికి సిద్ధం చేసే స్విచ్) కోసం కేటాయించింది, అది ఆన్, ఆఫ్ అనే రెండు స్థానాలనే పంపుతుంది. ఫ్లైస్కై అలవాటుతో ఐదవ చానెల్‌కు ఫ్లాప్‌లు గానీ రెండో ఏలిరాన్ సర్వో గానీ తగిలిస్తే అవి సగం స్థానంలో ఆగవు. వాటిని ఆరవ చానెల్‌కో ఆ తరువాతి దానికో మార్చండి. అవుట్‌పుట్ పిన్నుకు ఏ చానెల్ వెళ్ళాలో రిసీవర్ వైఫై పేజీలో మార్చుకోవచ్చు, రేడియో ఆన్ చేయకుండా రిసీవర్‌కు కరెంటు ఇచ్చి నిమిషం పాటు వేచి ఉంటే ఆ వైఫై దానంతట అదే తెరుచుకుంటుంది. మూడవది, రేడియోలోనూ రిసీవర్‌లోనూ ఫర్మ్‌వేర్ ప్రధాన వెర్షన్ ఒకటే అయి ఉండాలి. 2వ వెర్షన్ రిసీవర్ 3వ వెర్షన్ రేడియోతో కలవదు.

జవాబు 3: తూరుపుగాలి (విశాఖపట్నం)

ఇద్దరూ లోపలి విషయాలు వివరంగా చెప్పారు కాబట్టి నేను చేతికి తగిలే విషయాలు రాస్తాను. టీ-లైట్, జోరో, పాకెట్ మూడూ గేమ్ కంట్రోలర్ ఆకారంలో ఉంటాయి. బొటనవేళ్ల చివరలతో ఎగరేసేవారికి అవి హాయిగా ఉంటాయి, ఎఫ్ఎస్-ఐ6 మీద స్టిక్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ఎగరేయడం అలవాటైన వారికి మాత్రం స్టిక్ ప్రయాణం తక్కువగా ఉండి మొదట్లో చేయి కుదరదు. గ్లైడర్ నడిపేటప్పుడు ఎలివేటర్ మీద వెంట్రుకవాసి కదలికలు కావాలి, అక్కడ బాక్సర్ వంటి పెద్ద రేడియోలోని పెద్ద గింబల్‌కు నేను విలువ ఇస్తాను. వీలైతే స్నేహితుల దగ్గర ఒకసారి చేతితో పట్టుకుని చూసి నిర్ణయించుకోండి. మీరు మార్చాలనుకుంటున్న అసలు కారణం గింబల్ అరుగుదల కాబట్టి, ఏది తీసుకున్నా స్టిక్ స్థానాన్ని అయస్కాంతంతో కొలిచే హాల్ సెన్సర్ గింబల్ ఉన్నదే తీసుకోండి. వాటిలో పొటెన్షియోమీటర్ మాదిరిగా రాసుకుంటూ అరిగే భాగం ఉండదు.

బ్యాటరీలు సాధారణంగా పెట్టెలో రావు, ఆ ఖర్చును మీ 12 వేలలో కలుపుకోండి. పాకెట్‌కు రెండు 18650 సెల్‌లు కావాలి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. జోరోకు కావలసిన 18350 సెల్‌లు అంత తేలికగా దొరకవు.

ఇంకొక ముఖ్యమైన మాట. కొందరు దూరం కోసం 900 మెగాహెర్ట్జ్ రకం తీసుకోమని సలహా ఇస్తారు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, అంటే 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు, నిర్ణీత శక్తి పరిమితుల్లో లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. ఆ 900కు దగ్గరలో మనకు అనుమతి ఉన్నది 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యే చిన్న బ్యాండ్‌కు మాత్రమే. అమెరికా కోసం చేసిన 915 రేడియోను ఇక్కడ ఆన్ చేయడం నిబంధనలకు విరుద్ధం, మొబైల్ నెట్‌వర్క్‌కు కూడా అడ్డు తగులుతుంది. మీ బాబాయి గారు మళ్ళీ వస్తూ రేడియో తెస్తానంటే ఈ సంగతి ముందే చెప్పండి. విదేశాల నుంచి పార్సిల్‌లో తెప్పించే వైర్‌లెస్ పరికరాలకు ఈటీఏ అనే ప్రభుత్వ ఆమోదం అడిగి కస్టమ్స్‌లో ఆపుతారు కూడా, కనుక కాస్త ధర ఎక్కువైనా ఇక్కడి దుకాణంలో బిల్లుతో కొనడమే నయం.

బాల్సారెక్కలు (హనుమకొండ)

ముగ్గురికీ కృతజ్ఞతలు. సీసీ2500 పాకెట్‌ను ఈ వారమే కొనేవాడిని, గాలివాటం గారి వివరణ వల్ల ఆగాను. సన్నరెక్క గారి వాదన కూడా నాకు నచ్చింది కానీ, రేడియోతో పాటు బయటి మాడ్యూల్ కూడా కొనాలంటే నా బడ్జెట్ దాటుతుంది. లోపలే ఫోర్-ఇన్-వన్ ఉన్న రేడియో కొని, తరువాత ఎప్పుడైనా ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ మాడ్యూల్ వెనుక పెట్టుకోవడంలో నష్టం ఏమైనా ఉందా? ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగినప్పుడు రిసీవర్ ఏం చేయాలన్న అమరిక) గురించి కూడా చెప్పగలరు. ఇన్ని రకాల రిసీవర్లకు ఒకే పద్ధతి సరిపోతుందా?

జవాబు 4: గాలివాటం (విజయవాడ)

నష్టం లేదు, మీ పరిస్థితికి అదే సరైన క్రమం. మీ విమానాలన్నీ మొదటి రోజు నుంచే ఎగురుతాయి, కొత్త విమానం కట్టిన రోజున కొత్త పద్ధతి గురించి ఆలోచించవచ్చు. బే ఉన్న రేడియోనే తీసుకోండి, అంతే. సన్నరెక్క గారు చెప్పిన క్రమం పాత రిసీవర్లు లేనివారికి, లేదా ఒక్కటే ఉన్నవారికి బాగా సరిపోతుంది.

ఫెయిల్‌సేఫ్ పద్ధతి మాత్రం ఒక్కో రిసీవర్‌కు ఒక్కో రకంగా ఉంటుంది. ఐఏ6బీకి రేడియోలోని మోడల్ సెట్టింగ్ నుంచే విలువలు పంపవచ్చు. స్పెక్ట్రమ్ ఏఆర్610 బైండ్ చేసే క్షణంలో థ్రాటిల్ ఏ స్థానంలో ఉందో దానినే గుర్తుంచుకుంటుంది, కనుక థ్రాటిల్‌ను పూర్తిగా కిందికి దించి బైండ్ చేయాలి. డీ4ఆర్-2లో స్టిక్‌లను కావలసిన స్థానంలో పెట్టి, లింక్ ఉండగా రిసీవర్ మీది బటన్‌ను కొద్దిసేపు నొక్కాలి. రేడియో మారుతోంది కాబట్టి పాత విలువలను నమ్మకుండా అన్నిటికీ మళ్ళీ చేయండి.

చేసిన తరువాత ప్రొపెల్లర్ తీసివేసి, విమానాన్ని గట్టిగా పట్టించి, థ్రాటిల్‌ను సగానికి పెంచి రేడియోను ఆఫ్ చేయండి. మోటారు ఆగితేనే ఆ విమానాన్ని మైదానానికి తీసుకువెళ్ళండి. అక్కడ మొదటి ఎగరవేతకు ముందు మోడల్ సెట్టింగ్‌లోని రేంజ్ ఎంపికను నొక్కితే రేడియో శక్తి బాగా తగ్గుతుంది. ఆ స్థితిలో ముప్పై అడుగులు వేస్తూ దూరం జరిగి, సర్వోలన్నీ తడబాటు లేకుండా కదులుతున్నాయో లేదో మరొకరిని చూడమనండి. డీ4ఆర్-2 ఆ పరీక్షలో తడబడితే పైన రాసిన ఫైన్ ట్యూనింగ్‌ను మళ్ళీ చేసి, అప్పటికీ కుదరకపోతే రిసీవర్ యాంటెన్నా వైర్లు కార్బన్ రాడ్డుకో బ్యాటరీకో ఆనుకుని ఉన్నాయేమో చూసి, ఫలితం ఇక్కడ రాయండి.