మైట్రల్ మెకానికల్ వాల్వ్: ఐఎన్‌ఆర్ 1.9కి పడిపోతే మాత్ర ఎంత పెంచాలి?

ప్రశ్న: మా అమ్మగారికి చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ వాల్వ్ (కవాటం) పాడవడంతో మెకానికల్ (కృత్రిమ) వాల్వ్ అమర్చారు. రక్తం పలచబడే మాత్ర అసెనోకుమరాల్‌ను ఒకరోజు 2, మర్నాడు 3 మిల్లీగ్రాముల చొప్పున వేసుకుంటున్నారు. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే ఐఎన్‌ఆర్ అంకె 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు (తగ్గితే గడ్డల ముప్పు, పెరిగితే రక్తస్రావం ముప్పు), ఇన్నాళ్లూ అలాగే ఉండేది. నిన్నటి రిపోర్టులో 1.9 వచ్చింది. మాత్ర ఒక్కపూట కూడా మానలేదు. రెండు రోజులు రెట్టింపు వేయమని బంధువులు అంటున్నారు. వేయవచ్చా? ఈ పరీక్షల బెడద లేని కొత్త మందులకు మారవచ్చా?

మొదటి సమాధానం: రెట్టింపు వద్దండి. ఈ మందు మోతాదును రోజు లెక్కన కాక వారం లెక్కన చూస్తారు. మీ అమ్మగారికి వారానికి సగటున 17.5 మిల్లీగ్రాములు పడుతోంది. పది శాతం పెంచడమంటే సుమారు రెండు మిల్లీగ్రాములు, అంటే వారంలో రెండు రోజులు 2 బదులు 3 వేయడమే. సాధారణంగా మార్పు ఈ స్థాయిలోనే ఉంటుంది. అయితే మైట్రల్ స్థానంలో 1.9 అంటే గడ్డ కట్టే ముప్పు ఉన్నట్టే కనుక, ఒకపూట అదనపు మోతాదు కావాలా, గడ్డకట్టకుండా త్వరగా పనిచేసే హెపారిన్ ఇంజెక్షన్లు కావాలా అన్నది మీ కార్డియాలజిస్టు ఈ రోజే నిర్ణయించాలి. వాల్వ్ టిక్‌టిక్ శబ్దం మందగించినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా ఫోనుతో సరిపెట్టక నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రెండో సమాధానం: మాత్ర మానకుండానే ఐఎన్‌ఆర్ పడిందంటే, ఈ మధ్య ఏం మారిందో ముందు వెతకాలి. మునగాకు పొడి, తోటకూర, పాలకూర ఒక్కసారిగా ఎక్కువైతే విటమిన్ కె పెరిగి మందు పట్టు తగ్గుతుంది; క్షయకు వాడే రిఫాంపిసిన్ ఇంకా గట్టిగా తగ్గిస్తుంది. ఆకుకూరలు మానమని కాదు, వారం వారం ఒకే తీరుగా తినమని. కారణం తెలియకుండా మోతాదు పెంచితే, ఆ పొడి ఆపిన వారానికే ఐఎన్‌ఆర్ పైకి ఎగబాకుతుంది. మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్ అదే సమయంలో తోడైతే రక్తస్రావం దాకా పోతుంది.

ప్రశ్న అడిగినవారు: మోకాళ్ల నొప్పులకని ఎవరో చెబితే రోజూ మునగాకు పొడి మజ్జిగలో కలుపుకుంటున్నారట. డాక్టరుగారికి ఇది కూడా చెబుతాను.

మూడో సమాధానం: తప్పక చెప్పండి. అలాగే మోకాళ్లకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి. ఇక కొత్త మందుల సంగతి: మెకానికల్ వాల్వ్ ఉన్నవారిపై డాబిగాట్రాన్ అనే కొత్త మందు పరీక్షలో గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువవడంతో ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అపిక్సబాన్ అనే మరో కొత్త మందు పరీక్షనూ తర్వాత మధ్యలోనే నిలిపివేశారు. కాబట్టి ఐఎన్‌ఆర్ పరీక్ష తప్పదు. మోతాదు మార్చాక ఎన్నాళ్లకు మళ్లీ చూడాలో ఈ రోజే అడిగి రాయించుకోండి, మామూలుగా వారంలోపే చూస్తారు.