పాత టేకు మోటారు పడవ: పైన ఫైబర్ కొట్టించాలా, చెక్క పనే చేయించాలా?

సింగ్‌నగర్_శ్రీను
మా మేనమామ ఒకప్పుడు కృష్ణలో తిప్పిన మోటారు పడవ మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉంది. పద్దెనిమిది అడుగుల పొడవు. టేకు పలకలు అంచుకు అంచు చేర్చి, లోపలి చట్రాలకు రాగి రివిట్లతో బిగించిన పాత పద్ధతి. నడుమ పెట్రోలు ఇంజిన్, ముందు వంపు అద్దం, పైన వార్నిష్ డెక్కు. మామయ్య పోయాక ఎవరూ ముట్టుకోలేదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు షెడ్డులోకీ నీళ్లొచ్చి ఇంజిన్ సగం మునిగింది. (ఇంట్లో పడవ పెట్టుకుని లారీ ట్యూబు మీద బయటపడ్డ కుటుంబం మాది. నవ్వుకోండి, పర్లేదు.)

ఇంటి దగ్గరే బాగుచేసి మళ్లీ నీళ్లలో దించాలని ఉంది. పలకల సందుల్లోంచి వెలుతురు కనిపిస్తోంది. ఫైబర్ (గాజునార గుడ్డని రెసిన్ జిగురుతో అతికించే తొడుగు) పనివాళ్లు వచ్చి చూసి, "బయటంతా ఫైబర్ కొట్టేస్తే జన్మలో చుక్క నీరు రాదు" అన్నారు. రేటు కూడా అక్కడికక్కడే చెప్పారు. తెలిసినాయన ఒకరేమో అలా చేస్తే పడవను చంపినట్టే అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్_రాజా
ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ, ఫైబర్ కొట్టించు. సందుల్లో నూలు పోగులు కొట్టి గుగ్గిలం పెట్టేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఉన్నా, ఆ పని మాటిమాటికీ చేయించుకుంటూ ఉండాలి. ఫైబర్ అయితే ఒక్కసారి ఖర్చు, ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఇంజిన్ సంగతి విను. బురదనీళ్లు తాగిన ఇంజిన్‌కి సెల్ఫ్ కొట్టావో, అయిపోయిందే. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్గులు తీసి, లోపలున్న నీళ్లు బయటికి తోడేసి, డీజిల్‌లో కాస్త ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి నాననివ్వు. తర్వాత ఫ్లైవీల్ చేత్తో కదిపి చూడు. కదలకపోతే దాన్ని తీసి పక్కనపెట్టి అంబాసిడర్ డీజిల్ ఇంజిన్ దించేయ్. 1489 సీసీ, బీఎంసీ అనే ఇంగ్లండు కార్ల కంపెనీ వాళ్ల డిజైను. ఇదే ఇంజిన్ ఇంగ్లండులో కాలువ పడవల్లో ఇప్పటికీ తిరుగుతోంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గానీ సామాను ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతుంది.

పాతబండి_గుంటూరు
శ్రీను గారూ, దయచేసి ఫైబర్ జోలికి పోకండి. పలకల పడవ ఒంటి ముక్క కాదు. నీళ్లలో ఉంటే ప్రతి పలకా ఉబ్బుతుంది, ఒడ్డున పెడితే ఎండి ముడుచుకుంటుంది. అలా కదిలే చెక్క మీద కదలని ఫైబర్ తొడుగు వేస్తే రెండూ ఎంతకాలం కలిసి ఉంటాయి? ఎక్కడో సన్నగా చీలుతుంది. అందులోంచి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి వచ్చే దారి ఉండదు. చెక్క లోలోపల కుళ్లిపోతుంది, పైకి మాత్రం పడవ నిగనిగలాడుతూ ఉంటుంది.

చదివి చెప్పడం లేదు, అనుభవించి చెబుతున్నాను. నా పడవకి ఒక వర్క్‌షాపులో ఇలాగే చేయించాను. పేరెందుకులెండి. రెండో వానాకాలానికి అడుగున బొబ్బలు లేచాయి. నొక్కితే టపటపమంది. బ్లేడుతో అంచు కోసి లాగితే చేతి వెడల్పున తొడుగు ఊడొచ్చింది, కింద చెక్క టీలో ముంచిన బిస్కెట్‌లా వేలికి అంటుకుంది. అడిగితే "మీ చెక్క మంచిది కాదు సార్" అన్నారు.

ఇక ఆ వెలుతురు సంగతి. రేకుల కింద ఎండాకాలాలు గడిపిన చెక్కకి సందులు రాక ఏం వస్తాయి? నీళ్లలో పెట్టి రెండు మూడు రోజులు ఓపిక పడితే చాలా సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఎండి ఉన్నప్పుడు సందుల్లో గట్టి ఎపాక్సీ జిగురు కూరారంటే, తర్వాత చెక్క ఉబ్బడానికి చోటుండదు. రివిట్లు తెగుతాయి, లేదంటే చట్రమే విరుగుతుంది.

లాకులబాబు
రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయా ముందు?

ఆటోనగర్_రాజా
పాతబండి గారూ, మీ పడవకి ఫైబర్ కొట్టింది పాలిస్టర్ రకం రెసిన్‌తో కదా? చెక్కకి పాలిస్టర్ సరిగ్గా అంటదని చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. అందులోనూ టేకులో నూనె ఉంటుంది. అసిటోన్‌తో తుడిచి వెంటనే ఎపాక్సీ పూయాలి. ఎవరో చేసిన చెత్త పనికి ఫైబర్‌నే తిడితే ఎలా?

పాతబండి_గుంటూరు
ఎపాక్సీ అయినా చెక్క కదలడం మానదు. నేను చెప్పింది అది.

ఆటోనగర్_రాజా
పాలిస్టరా, ఎపాక్సీయా? అది చెప్పండి చాలు.

సింగ్‌నగర్_శ్రీను
మీరు మాట్లాడుకుంటుండగా స్క్రూడ్రైవర్ పట్టుకుని పడవ కిందకి దూరాను. అడుగు దూలం పక్క పలకలు గట్టిగా ఉన్నాయి, మొన కూడా దిగలేదు. సుత్తితో తడితే టంగుమంటున్నాయి. వెనక చెక్క రెండు మూలల్లో మాత్రం ఊరికే నొక్కితే స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది, నల్లటి పొడి రాలింది. ఇంజిన్ కింద దూలాలు కూడా ఒక పక్క మెత్తబడ్డాయి. రివిట్లు పచ్చగా చిలుం పట్టాయి గానీ ఊగడం లేదు. మధ్యలో ఎవరో ఇనుప మేకులు కొట్టారు. వాటి చుట్టూ చెక్క నల్లబడింది.

పాతబండి_గుంటూరు
చూశారా! కుళ్లింది వాననీరు నిలిచే చోటే. వెనక మూలలు, డెక్కు అంచులు, ఇంజిన్ కింద. ఉప్పునీళ్ల కంటే మంచినీళ్లే చెక్కని ఎక్కువ కుళ్లబెడతాయి. అడుగంతా బాగానే ఉందంటే ఫైబర్ దేనికి? వెనక చెక్క మార్చండి, ఇనుప మేకులు పీకించి రాగివి వేయించండి, సందులు కొత్త నూలుతో కొట్టించండి. ఇంజిన్ కూడా అదే ఉంచండి. పడవ విలువంతా ఆ పాతదనంలోనే ఉంది. అంబాసిడర్ ఇంజిన్ పెడితే అది పడవ కాదు, ట్యాక్సీ.

సత్యవతి_తాడేపల్లి
నాకు చెక్క గురించి తెలియదు గానీ పెట్రోలు ఇంజిన్ అదే ఉంచండి అని అంత తేలిగ్గా చెప్పకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. కారులో అయితే రోడ్డు మీదికి పోతుంది, పడవలో అడుక్కి దిగి అక్కడే పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. స్టార్ట్ చేసే ముందు బ్లోయర్‌తో నాలుగు నిమిషాలైనా ఆ గాలి బయటికి తోలాలి. ఆటోనగర్‌లో దొరికే కారు ఆల్టర్నేటరు, స్టార్టరు మోటారు పెట్రోలు పడవకి పెట్టకూడదు. వాటి లోపల రవ్వలు లేస్తాయి, మూత ఉండదు.

ఇంకోటి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర సంగమంలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. కార్తీక మాసం, ఆదివారం సాయంత్రం. ఈ ఊళ్లో పడవ అనే మాట వినగానే నాకు అదే గుర్తొస్తుంది. చుట్టాల్ని ఎక్కించుకునే ముందు ఎందరికి సరిపోతుందో లెక్క చూసుకోండి, అందరికీ లైఫ్ జాకెట్లు కొనండి. లాకులబాబు గారు అడిగింది కూడా సరైన ప్రశ్నే. 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజిన్ ఉన్న పడవకి సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి.

లాకులబాబు
కట్టే చోటు కూడా చూసుకోవాలి. 2024 వరదలో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకి గుద్దుకున్నాయి. గేట్లు ఎత్తడానికి బరువు తూచే కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత పడవ పేరెత్తితే అధికారులు మనల్ని చూసే చూపే వేరు.

ఆటోనగర్_రాజా
సత్యవతి గారు చెప్పింది నా మాటకే బలం. డీజిల్ పెడితే ఆ ఆవిరి గొడవే ఉండదు. సామాను తేలిగ్గా దొరుకుతుంది.

పాతబండి_గుంటూరు
డీజిల్ బరువు సంగతి? పడవ వాలు మారిపోతుంది. కారు గేర్‌బాక్సు పనికిరాదు, పడవ గేర్‌బాక్సు వేరే కావాలి. రేడియేటర్ పెట్టలేరు, నది నీళ్లతోనే చల్లబరచాలి. మన కృష్ణలో గుర్రపుడెక్క వేర్లు ఆ నీళ్లు లోపలికి లాగే జాలీకి అడ్డం పడితే నది మధ్యలో ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది. అప్పుడు తెడ్డేస్తారా?

ఆటోనగర్_రాజా
జాలీ మీ పెట్రోలు ఇంజిన్‌కీ ఉంటుంది కదా మాస్టారూ! గుర్రపుడెక్కకి డీజిలు, పెట్రోలు తేడా తెలుసా? ఇంతకీ పాలిస్టరా కాదా చెప్పనేలేదు.

రేపల్లె_నావ
మొదటి నుంచీ చదువుతున్నాను. "ఆ పని చేసేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు" అని ఒకాయన రాశారు. మా నాన్న ఉన్నారు. మా బాబాయి ఉన్నారు. సముద్రం మీదికి వెళ్లే నావలు చేసిన చేతులు. ఇప్పుడు తలుపులు, కిటికీలు బిగించుకుంటున్నారు. ఎక్కడున్నారు అని రాసేముందు రేపల్లె వైపో, బందరు వైపో ఒకసారి వచ్చి అడగండి.

ఆటోనగర్_రాజా
అడిగాను బాబూ. అడిగే దెబ్బతిన్నాను. మా చిన్న పడవకి అటు నుంచే ఒక వడ్రంగిని తెచ్చుకున్నాను. అడ్వాన్సు తీసుకున్నాడు, నాలుగు పలకలు విప్పాడు, సంక్రాంతికి ఊరెళ్లి వస్తానన్నాడు. ఏ సంక్రాంతికో చెప్పలేదు. విప్పిన పడవ ఎండలో పడి ఉంటే, ఫోను కూడా ఎత్తలేదు. మీ చేతుల గొప్పతనం నాకు చెప్పకండి.

రేపల్లె_నావ
రోజుకూలి మాట్లాడారా, గుత్తకి మాట్లాడారా?

ఆటోనగర్_రాజా
దానికీ దీనికీ సంబంధమేంటి? మొత్తం పనికి ఇంత అని మాట్లాడాను.

రేపల్లె_నావ
అక్కడే ఉంది అసలు సంగతి. పలక విప్పకముందు లోపల ఎంత కుళ్లిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. నాలుగు పలకలు విప్పేసరికి కింద చట్రాలు కూడా పోయాయని బయటపడి ఉంటుంది. మాట్లాడుకున్న డబ్బుకి రెట్టింపు పని. మీతో చెబితే "ముందే మాట్లాడుకున్నాం కదా" అంటారు. అడ్వాన్సు తీసుకుని చెప్పకుండా పోవడం తప్పే, నేను వెనకేసుకురాను. కానీ అతన్ని ఆ ఇరుకులో పెట్టింది మీ బేరం.

పాతబండి గారికీ ఒక మాట. మీరు పాతదనం, పాతదనం అంటారు. టేకు డిపోలో అడిగిన రేటు ఇస్తారు. రాగి రివిట్లకి ఎంతైనా పెడతారు. సందులో నూలు కొట్టే మనిషి రోజుకూలి చెప్పగానే "అంతా?" అంటారు. చెక్క పాతదైతే ముద్దు, పనివాడు పాతవాడైతే బేరం. ఇది రాస్తుంటే నాకు కోపమే వస్తోంది, ఏమనుకున్నా సరే.

పాతబండి_గుంటూరు
నేనెవరితోనూ బేరమాడలేదు. నా పడవ పని నేనే చేసుకుంటున్నాను, సెలవు రోజుల్లో. నేర్చుకుని చేసుకోవడం నేరమా?

రేపల్లె_నావ
నేరం ఎందుకవుతుంది సార్. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాళ్లకేమిచ్చారు అని అడుగుతున్నాను.

సత్యవతి_తాడేపల్లి
కాస్త చల్లబడండి. శ్రీను గారు ఇప్పటికి పారిపోయి ఉంటారు.

ఆటోనగర్_రాజా
సరే, ఉన్నదున్నట్టు చెబుతా. చెక్క కంటే ఫైబర్ గొప్పదని నేను ఫైబర్ అనలేదు. మొదటి రోజే లెక్క తెలుస్తుంది, అందుకు. నెలజీతం మీద బతికేవాడు "విప్పి చూశాక చెబుతాం" అనే పనికి ఏ ధైర్యంతో దిగుతాడు? ఇంట్లో ఏమని చెబుతాడు? శ్రీనుకి పెళ్లాం పిల్లలున్నారు. విప్పిన పడవని చూసి రోజూ టెన్షన్ పడ్డ మనిషిని నేను. మీకేం తెలుసు.

రేపల్లె_నావ
తెలుసు సార్. ఆ టెన్షన్ మాకు ప్రతి పనికీ ఉంటుంది. అయితే లెక్క ముందే తెలియాలని ఆ నష్టమంతా పనివాడి నెత్తిన పెట్టకూడదు. ఎంత విప్పాలో ముందే ఒప్పుకోండి. వెనక చెక్క ఒక్కటీ విప్పండి, ఆ రోజుల కూలి ఇచ్చేయండి. లోపల కనిపించింది చూసి తర్వాత పని చేయించాలో మానాలో తేల్చుకోండి. మానేస్తే ఎవరికీ బాకీ ఉండరు.

సింగ్‌నగర్_శ్రీను
పారిపోలేదండీ, మా ఆవిడకి ఈ థ్రెడ్ చదివి వినిపిస్తున్నాను. "విప్పి చూసి మానేయొచ్చు" అనే చోట మొదటిసారి తలూపింది. ఫైబర్ వాళ్లని ప్రస్తుతానికి రావద్దన్నాను. రేపల్లె అన్నా, మీ నాన్నగారు సింగ్ నగర్ రాగలరా? రోజుకూలి ఆయన చెప్పిందే. భోజనం, పడక మా ఇంట్లోనే. అడ్వాన్సు వద్దు, ఏ రోజు డబ్బు ఆ రోజు సాయంత్రం ఇస్తాను.

రేపల్లె_నావ
అడుగుతాను. ఒప్పుకుంటారనే అనుకుంటున్నా, తలుపులు చేసి విసిగిపోయి ఉన్నారు. ఈలోగా రేకుల వేడి నేరుగా తగలకుండా పడవ మీద గోనెపట్టాలు కప్పి, సాయంత్రాలు తడుపుతూ ఉండండి. చెక్క ఒక్కసారిగా నీళ్లు తాగకూడదు, నెమ్మదిగా తాగాలి. ఇనుప మేకులు మీరు పీకకండి, పలక చీలుతుంది. వెనక చెక్కకి ప్లైవుడ్ తెస్తామని ఎవరైనా అంటే నీళ్లలో వాడే ప్లైవుడ్‌కి ఉండే ఐఎస్ 710 ముద్ర చూడండి. ముద్రని కూడా నమ్మకుండా చిన్న ముక్క కోసి ఉడకబెట్టండి. 72 గంటలు ఉడికినా పొరలు విడిపోకూడదు.

పాతబండి_గుంటూరు
ప్లైవుడ్డా?! టేకు పలకే వేయాలి. ఇదేం కొత్త గొడవ?

ఆటోనగర్_రాజా
ఆ, మళ్లీ మొదలైంది. శ్రీనూ, ఫ్లైవీల్ కదిలిందా లేదా?

సింగ్‌నగర్_శ్రీను
పావు చుట్టు కదిలింది అన్నా. అక్కడ పట్టేసింది.

ఆటోనగర్_రాజా
బలవంతంగా తిప్పకు. హెడ్ విప్పుదాం, ఆదివారం వస్తా. ఆటోనగర్ రేటు అడగకు, టిఫిన్ పెట్టించు చాలు.

రేపల్లె_నావ
చూశారా, మెకానిక్ కూడా విప్పకుండా రేటు చెప్పలేదు.