నాలుగో తరగతి ప్రాజెక్టుకు హరియాణా గురించి చెప్పగలరా?

మా పాప నాలుగో తరగతి. రాష్ట్రాలను జతలుగా కలిపే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ‘ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్’లో తెలంగాణకు జోడీ రాష్ట్రం హరియాణా కాబట్టి, బడిలో దానిమీదే ప్రాజెక్టు ఇచ్చారు. 1966 నవంబరు 1న పంజాబు నుంచి విడిపోయిందని, రెండింటికీ రాజధాని చండీగఢేనని, పానిపట్టు, కురుక్షేత్రం అక్కడివేనని రాసేసింది. ఇవి ఏ పుస్తకంలోనైనా దొరికేవే.

పాప సందేహాలు వేరు. అక్కడి పిల్లలు బడికి డబ్బాలో ఏం తీసుకెళ్తారు? చలికాలంలో సజ్జ రొట్టెలోకి ఏం నంచుకుంటారు? పల్లెల్లో ఆడపిల్లలు కుస్తీ ఏ వయసులో మొదలుపెడతారు? (2016 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన సాక్షి మలిక్ ఫొటో అప్పుడే అట్టమీదకు ఎక్కేసింది!)

గురుగ్రామ్, రోహతక్, హిసార్ వైపు ఉంటున్న తెలుగువారు ఎవరైనా చెప్పగలరా? హరియాణ్వీ పొడుపుకథ ఒకటి, అర్థంతో సహా పంపితే మరీ సంతోషం. సోమవారం అప్పజెప్పాలి.