వోకోడర్‌లో నా మాట ముద్దైపోతోంది, లోపం ఎక్కడ?

రాత్రిసాధన:
నా మాటకు తగ్గట్టు సింథసైజర్‌ను పలికించే వోకోడర్ కోసం సింత్‌కి మైకు తగిలించి మూడు రాత్రులైంది. రెడీమేడ్ ప్యాచ్ (ముందే అమర్చిన శబ్దం) వద్దని మొదటి నుంచీ నేనే కట్టుకుంటున్నాను. శబ్దం పుట్టించే ఆసిలేటర్లలో ఒకటి సైన్ వేవ్, ఇంకొకటి ట్రయాంగిల్. మెత్తగా ఉండాలని, పై ధ్వనులను కోసేసే ఫిల్టర్ కట్‌ఆఫ్ సగానికి దించాను. చివర్లో కోరస్, దాని మీద పెద్ద హాల్ రివర్బ్. ఉత్తినే వాయిస్తే ఈ ప్యాడ్ (మెత్తగా సాగే శబ్దం) ఎంత హాయిగా ఉందో! మైకులో "సంతోషం" అంటే మాత్రం నోట్లో గుడ్డలు కుక్కినట్టు "అంఓఅం" అని వస్తోంది. కీ వదిలేస్తే అదీ లేదు. మైకు పోయిందా? మాట తేటగా రావాలంటే ఏ ఎఫెక్ట్ పెట్టాలి? రివర్బ్ మార్చి మార్చి విసుగొచ్చింది.

నాబ్‌తిప్పు:
మైకు గెయిన్ చూసుకోండి. నాకు ఒకసారి అదే సమస్య.

పాతతీగ:
మైకు బాగానే ఉందండీ. కీ వదిలితే ఏమీ వినబడకపోవడమే వోకోడర్ సరిగ్గా పనిచేస్తోందనడానికి సాక్ష్యం. మీ గొంతు స్పీకర్ దాకా రాదు. వోకోడర్ దాన్ని బ్యాండ్లుగా, అంటే కింది ధ్వనుల నుంచి పై ధ్వనుల దాకా ముక్కలుగా విడదీసి, ఒక్కో బ్యాండ్‌లో ఈ క్షణాన ఎంత బలముందో కొలుస్తుంది. ఆ కొలతల ప్రకారం సింత్ శబ్దంలోని అవే బ్యాండ్లను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. వినబడేదంతా సింత్‌దే, కదలిక ఒక్కటే మీ నోటిది. 1928లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ అనే ఇంజనీరు దీన్ని మొదలుపెట్టింది కూడా పాట కోసం కాదు, టెలిఫోన్ లైన్‌లో మాటను తక్కువ జాగాలో పంపడం కోసం. గొంతుకు బదులు ఆ కొలతలు పంపితే చాలు కదా అని.

ఇక మీ ప్యాచ్. కింది స్థాయిలో 110 హెర్ట్జ్ స్వరం పట్టుకున్నారనుకోండి. "స"లో బలం ఎక్కువగా ఉండేది 4 కిలోహెర్ట్జ్‌కి పైన. 110కి 37వ హార్మోనిక్, అంటే దానికి 37 రెట్లుండే పైస్వరం, 4070 దగ్గర పడుతుంది. రంపపు పళ్ల ఆకారంలో ఉండే సా వేవ్‌లో దాని బలం మూలస్వరంలో 37వ వంతు. ట్రయాంగిల్‌లో 1369వ వంతు. సైన్‌లో సున్నా. పైగా కట్‌ఆఫ్ కూడా మూశారు! మీరు "స" అన్నప్పుడల్లా ఆ బ్యాండ్ తలుపు బార్లా తెరుచుకుంటోంది, లోపల గదిలో మనుషులే లేరు. లేనిదాన్ని ఏ రివర్బూ తెచ్చిపెట్టలేదు.

అందుకని ఎఫెక్ట్స్ అన్నీ ఆపేసి ఆసిలేటర్ దగ్గర మొదలుపెట్టండి. రెండూ సా చేయండి, ఒకదాని శ్రుతి కొద్దిగా తప్పించండి (డీట్యూన్), కట్‌ఆఫ్ పూర్తిగా తెరవండి. ఎన్వెలప్‌లో సస్టెయిన్ (కీ నొక్కి ఉన్నంతసేపు నిలిచే శబ్దస్థాయి) నిండుగా ఉండాలి, లేకపోతే వాక్యం మధ్యలోనే శబ్దం సన్నగిల్లుతుంది. నాయిజ్ (ఉస్సుమనే చప్పుడు) కాస్త కలపండి. "స", "శ" గొంతులో పుట్టే స్వరాలు కావు, గాలి రాపిడి. వాటికి సరిపోయే ముడిసరుకు నాయిజే. కారియర్, అంటే వోకోడర్‌లోకి పంపే ఈ సింత్ శబ్దం, ఒక్కటే విన్నప్పుడు చెవిలో గీసుకుపోయేలా మొరటుగా ఉంటే సరైన దారిలో ఉన్నట్టే. అందంగా ఉన్న ప్యాడ్ మంచి కారియర్ కావడం నేనైతే చూడలేదు.

వోకోడర్‌కి ముందు పెట్టదగ్గ ఎఫెక్ట్ అంటే డిస్టార్షన్, అదీ కారియర్ మీద, ఎందుకంటే కొత్త హార్మోనిక్స్ పుట్టిస్తుంది. మైకు వైపు కంప్రెసర్ (మాటలో హెచ్చుతగ్గులు తగ్గించేది) చాలు. మైకుకి రివర్బ్ మాత్రం వద్దు. "ట", "ప" పలికేముందు నోరు ఒక్క క్షణం మూతపడుతుంది చూశారా, ఆ ఖాళీని రివర్బ్ తోక పూడ్చేస్తుంది, హల్లు మాయం. కోరస్, డిలే, హాల్ అన్నీ వోకోడర్ తర్వాతే.

మరో మాట. స్టేజి మీద నా మైకులోకి డ్రమ్స్ దూరి, నేను నోరు విప్పకుండానే నా కార్డ్ బీటుకి తగ్గట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. జనం చప్పట్లు కొట్టారు, నాకేమో చెమటలు. మైకు నోటికి ఆనించి పట్టుకోండి, గేట్ (చిన్న చప్పుళ్లను ఆపేసేది) ఉంటే వాడండి.

రాత్రిసాధన:
సా పెట్టి కట్‌ఆఫ్ తెరిచాను. "సంతోషం" వచ్చేసింది! నాయిజ్ సగం దాకా పెంచితే వర్షం కురిసినట్టుంది, బాగా తగ్గించాను. కానీ "శ", "ష" రెండూ ఒకేలా వినబడుతున్నాయి. నాది 8 బ్యాండ్ల వోకోడర్.

పాతతీగ:
8 బ్యాండ్లంటే ఆ రెండూ చాలావరకు ఒకే గదిలో పడతాయి. 16 ఉంటే కొంత నయం. అయినా మామూలు మాటల్లోనే చాలామంది ఆ రెండూ ఒకేలా పలుకుతాం, పాపం వోకోడర్‌ని ఏమంటాం!

నాబ్‌తిప్పు:
గెయిన్ అన్నందుకు నవ్వకండి. ఆ పాత సైన్ ప్యాడ్ పారేయొద్దు, రాత్రిసాధన గారూ. వోకోడర్‌లోకి పంపకుండా వేరే లేయర్‌గా సన్నగా కింద ఉంచండి. మాట సా నుంచి, మెత్తదనం ప్యాడ్ నుంచి. హాల్ రివర్బ్ ప్యాడ్‌కి మాత్రమే.

రాత్రిసాధన:
ఇప్పుడే చేశాను. ఇంట్లోవాళ్లు లేచి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగారు.