19కే డిగ్రీ అయిపోతుంది, లా కంటే ముందు ఒక ఏడాది ఆగొచ్చా?

పానగల్లు పిల్లగాడు:
అన్నలు, అక్కలు, జెర చెప్పుండ్రి. చిన్నప్పుడు మా ఊరి బడిలో సారు డబుల్ ప్రమోషన్ ఇచ్చి రెండో తరగతి నుంచి నాలుగులో కూసోబెట్టిండు. అందుకే నల్లగొండలో బీఏ అయిపోయేసరికి నాకు 19. మూడేండ్ల ఎల్‌ఎల్‌బీ చేద్దామనుకుంటున్న, కానీ ఒక ఏడాది ఆగి. మా బాపు ఏమో "ముందుకు దుంకినోనివి, మళ్ళ ఎనుకకెందుకు" అంటున్నడు.

దేవరకొండ బస్సు:
నేను ఆగిన తమ్మీ. లాసెట్ (లా సీటు కోసం రాసే ఎంట్రెన్స్) కోసమైతే ఏడాది అక్కర్లేదు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, అందుల 60 లా ఆప్టిట్యూడ్, నెగెటివ్ మార్కులు లేవు. రెండు నెలలు గట్టిగ కూసుంటే చాలు. వయసుకు పైపరిమితి కూడ లేదు, తొందర ఎవరికి?

నేను ఆ ఏడాది మా దిక్కు కోర్టుల ఒక వకీలు సారు దగ్గర గుమాస్తాకు చేతికింద పనిజేసిన. పొద్దున కాజ్ లిస్టు (ఆ రోజు కోర్టుల వచ్చే కేసుల జాబితా) చూసి మన కేసుల నంబర్లు రాసుకునుడు, వకాలత్ (వకీలుకు కేసు అప్పజెప్పే కాయితం) మీద స్టాంపులు అతికించుడు, వేలిముద్ర వేయించుడు. భూమి పంపకం కేసుల ఒక ముసలవ్వ వస్తుండె. ప్రతి వాయిదాకు ఇంకు ప్యాడు మీద వేలు అద్దకముందే "ఈసారన్న తేలుతదా బిడ్డా?" అనేది. వేలిముద్ర అవసరం లేదవ్వా అన్నా వేలు చాపేది. తర్వాత లా కాలేజీల సీపీసీ (సివిల్ కేసులు ఎట్ల నడవాల్నో చెప్పే చట్టం) క్లాసుల ఐఏ (కేసు నడుస్తుండంగ మధ్యల వేసే పిటిషన్) అంటే ఏందో పక్కోళ్ళు బట్టీ పట్టిన్రు, నాకు ఆ అవ్వ ఫైలే కండ్లముంగట కనపడ్డది. జీతం? ఛాయ్ పైసలే.

జడ్చర్లోడు:
నేనూ ఆగిన, కానీ హైదరాబాద్ల కోచింగులుండే అశోక్‌నగర్‌ల. గ్రూప్స్ అని పోయి, రూముల నలుగురం, నోటిఫికేషన్ కోసం ఎదురుచూసుడుతోనే ఏడాది అయిపోయింది. లాసెట్ ఫారం ఆఖరి తారీఖు కూడ దాటిపోయింది. ఏం చేస్తవో ముందే రాసుకో.

దేవరకద్ర అక్క:
మగపిల్లలకు ఆగుడు అలక. నేను ఇంట్ల ఉన్న అనంగనే సంబంధాలు మొదలైనయ్. అందుకే రోజూ ఆడోళ్ళ ఫ్రీ బస్సు జీరో టికెట్ మీద మహబూబ్‌నగర్ లైబ్రరీకి పోయేదాన్ని, ఇంట్ల లేకుంటే అడిగేటోళ్ళు లేరు గదా. ఇంకోటి తమ్ముడూ, సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకో. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని మా కాలేజీ నా టీసీ, మెమోలు ఇయ్యలేదు. కట్టి తెచ్చుకునేసరికి కౌన్సెలింగ్ నెత్తిమీదికొచ్చింది. అక్కడ గ్యాప్ అఫిడవిట్ (చదువు ఆగిన ఏడాదికి రాసిచ్చే ప్రమాణపత్రం) అడిగితే నోటరీ కోసం ఉరికిన. ఆదాయం సర్టిఫికెట్ కూడ మీసేవల కొత్తది తీయాల్సొచ్చింది.

దేవరకొండ బస్సు:
అక్క చెప్పింది నిజం. ఇంకో ముచ్చట, మాకు కౌన్సెలింగ్ అయ్యి క్లాసులు మొదలయ్యేసరికి దసరా దాటింది. ఆగకున్నా కొన్ని నెలలు ఖాళీయే. ముందు ఆ నెలలు ఏదన్న కోర్టుల తిరిగి చూడు, నచ్చితే ఏడాది చెయ్.

పానగల్లు పిల్లగాడు:
సోమవారం మెమోల కోసం పోతున్న. ఇవన్నీ బాపుకు చదివి వినిపించిన. అంతా విని "ఆ ముసలామెకు భూమి వచ్చిందా" అని అడుగుతున్నడు.

దేవరకొండ బస్సు:
ఇంక వాయిదాలనే ఉంది. ఇప్పుడు కొడుకు వస్తున్నడు.